గొలుసు దాటిన బుధవారం

ఓడ వచ్చే బుధవారాల్లో ఆల్తియా కోడికంటే ముందు లేస్తుంది. ముందురోజు నానబెట్టిన ఉప్పుచేపను నీళ్ళు మార్చి ఉడికించి, ముళ్ళు తీసి, ఉల్లిపాయలూ మిరపకాయలూ వేసి వేయిస్తుంది. రొట్టెల పిండి కలిపి తడిగుడ్డ కప్పుతుంది. కోకో ఉండను తురిమి దాల్చినచెక్కతో మరిగిస్తుంది. ఇదంతా తోపుడుబండికెక్కించి, కొండ మీదినుంచి జాగ్రత్తగా కిందికి దింపుకొచ్చేసరికి రేవులో వెలుతురు పడుతుంది. సముద్రంలోకి పొడుచుకుపోయిన జెట్టీ మొదట్లో, బాదం చెట్టు నీడన ఆమె రేకుల బడ్డీ ఉంది. పక్క బడ్డీ టాంటీ ఫిఫిన్‌ది. ఊరందరికీ పిన్నిగారైన ఆ ముసలావిడ కొబ్బరి ఉండలు అమ్ముతుంది, అడక్కుండానే ఊరి కబుర్లు కూడా కలిపి పొట్లం కడుతుంది.

ఓడలో వచ్చే యాత్రికులు ఆల్తియా దగ్గర తినరు. వాళ్ళు ఒళ్ళంతా తెల్లటి లేపనం పూసుకుని వ్యాన్లెక్కి జలపాతం చూడటానికి పోతారు. ఆమె దగ్గర తినేది ఓడలో పనిచేసేవాళ్ళు. గదులు తుడిచేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు, ఇంజను దగ్గర వేగిపోయేవాళ్ళు. వాళ్ళకు ఒడ్డు మీద దొరికేది పూటలో సగం. ఆ సగంలోనే ఇంటికి ఫోను చెయ్యాలి, సబ్బులు కొనుక్కోవాలి, కదలని నేల మీద కాసేపు కూర్చోవాలి. అలాంటివాళ్ళకు వేడివేడి రొట్టె, ఉప్పుచేప పెడితే మాట్లాడకుండా తింటారు. ఆల్తియాకు ఆ మౌనం ఇష్టం.

మా జెట్టీ గుణం ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. ఓడ దిగి వచ్చేవాళ్ళకు అది ఎప్పుడూ ఒకటే పొడుగు. వెళ్ళేవాళ్ళకు మాత్రం మనిషికో పొడుగు. ఊరు వదలడానికి కాళ్ళు రానివాడికి సాగుతుంది. ఎప్పుడు బయటపడదామా అని ఉన్నవాడికి కుంచించుకుపోతుంది. ‘మీ ఊరే నా ఊరు, నా ఎముకలు ఇక్కడే’ అని ప్రతి పెళ్ళిలోనూ ఉపన్యాసం దంచిన డాక్టరు, బదిలీ మీద వెళ్తూ టోపీ సర్దుకునేలోపు జెట్టీ చివర తేలాడు. బతికినన్నాళ్ళూ మమ్మల్ని దుమ్మెత్తిపోసిన లెక్కల టీచరమ్మ మాత్రం పొద్దున బయల్దేరి మధ్యాహ్నం దాకా నడిచింది. నడుస్తూ కూడా తిడుతూనే ఉంది. ఈ సంగతి ఓడ కెప్టెన్లకూ తెలుసు కాబట్టి, మిగతా రేవులకంటే మా దగ్గర గంట ముందే కూత వేస్తారు. అయినా ప్రతిసారీ ఎవరో ఒక యాత్రికుడు చెమటలు కక్కుకుంటూ పరిగెడుతూనే ఉంటాడు. గట్టు మీద కూర్చుని వాళ్ళను చూడటం మా ఊరివాళ్ళకు సాయంత్రపు కాలక్షేపం.

దీనికి నియమం ఒక్కటే. సాగనంపేవాళ్ళు జెట్టీ మొదట్లో కట్టిన గొలుసు దగ్గరే ఆగిపోవాలి. ఎందుకంటే చేయీ చేయీ పట్టుకుని నడిచినా, ఒక సంచిని చెరో కొసా పట్టుకుని నడిచినా, ఇద్దరిలో ఎవరిది పెద్ద పొడుగైతే అదే ఇద్దరికీ వర్తిస్తుంది. వెనకటికి ఒక అక్క, చెల్లెలి పెట్టె మోస్తానని గొలుసు దాటింది. వాళ్ళిద్దరూ నడుస్తుండగానే పడవ వెళ్ళిపోయింది. చెల్లెలికి అక్కడ కుదిరిన పనీ పోయింది, చచ్చేదాకా అక్కతో మాటలూ పోయాయి. అప్పటినుంచి ఏడ్చేవాళ్ళు గొలుసుకు ఇవతలే నిలబడి ఏడుస్తారు. అక్కడ కాపలాకు హయసింత్ అని ఒకాయన తెల్ల టోపీ పెట్టుకుని ఉంటాడు.

ఆల్తియా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అందరూ ఆ జెట్టీ మీదుగానే వెళ్ళిపోయారు. ఆమెకూ ఇరవయ్యో ఏట పక్క దీవి మార్టినిక్‌లో నర్సు చదువుకు సీటు వచ్చింది. పెట్టె సర్దుకుంది. ఆ వారమే తల్లికి పక్షవాతం వచ్చింది. ఆల్తియా పెట్టె విప్పి బట్టలు మళ్ళీ అలమరలో పెట్టింది. తల్లి మంచంలో చాలా ఏళ్ళు బతికింది. ఆమె పోయేసరికి కూతురి తల సగం నెరిసింది. ఇక ఇక్కడ ఉండి తీరాల్సిన అవసరం లేదు, ఎక్కడికో పోవాల్సిన అవసరమూ కనబడలేదు. “ఆల్తియా గనక ఈ జెట్టీ ఎక్కిందంటే, అది సాగి సాగి పనామా దాకా పోతుంది” అని గట్టు మీద ఒక జోకు ఉండేది. అందరితోపాటు ఆమే నవ్వేది. నిజమేననుకునేది కూడా.

సాయంత్రాలు మాత్రం గడవడం కష్టంగా ఉండేది. ఒక కంచం, ఒక గ్లాసు కడిగేస్తే ఇంట్లో పని అయిపోయేది. అప్పుడు రేడియో పెట్టుకునేది. మా దగ్గర సాయంత్రం రేడియోలో చావు కబుర్లు చదువుతారు. పోయినవాళ్ళ పేరు, ఆ తర్వాత వాళ్ళకు మిగిలినవాళ్ళ పేర్లు, లండన్‌లో ఉన్న ఫలానా, గ్వాదలూప్‌లో ఉన్న ఫలానా, జ్ఞానస్నానంలో తోడు నిలిచిన పిల్లలు, ఇరుగుపొరుగు, అలా పాట అంత పొడుగున చదువుతారు. ఆల్తియా వింటూ, తన పేరు వచ్చిన రోజున దాని వెనక, ఉత్తరాలు మానేసిన తోబుట్టువుల పేర్లు తప్ప ఏం చదువుతారా అని ఆలోచించేది. ‘మిగిలినవారు’ అని చదివి, రేడియో అమ్మాయి ఇంకెవరైనా ఉన్నారా అని కాగితం తిప్పి చూసుకుంటుందేమో. అనుకుంటే భయం వేసేది. రేడియో కట్టేసి, చీకట్లో మంచం మీద కూర్చునేది.

అలాంటి మనిషికి రొడెల్ బుధవారమయ్యాడు.

రొడెల్ ఫిలిప్పీన్స్ మనిషి. ఓడ అడుగున బట్టలుతికే చోట పని. భార్య పోయింది, కూతురికి పెళ్ళయింది. కొన్నేళ్ళ కిందట మొదటిసారి బడ్డీకి వచ్చినప్పుడు తినడం ముగించి, ఆమె బల్ల మీది గుడ్డ ముడతలు పడి ఉండటం చూసి కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత ఓర్చుకోలేక గిన్నెలన్నీ పక్కకు పెట్టి, గుడ్డ తీసి, అరచేత్తో ఒత్తి, నాలుగు మూలలూ కలిపి మడిచి ఆమె చేతికిచ్చాడు. ఇస్త్రీ పెట్టె లేకుండా అంత చక్కగా ఎలా మడిచాడో ఆల్తియాకు అర్థం కాలేదు. ఆ మడత విప్పబుద్ధి కాక, ఆ గుడ్డను ఇంటికి తీసుకుపోయి అలమరలో దాచింది. తర్వాతిసారి కావాలనే నలిపిన గుడ్డ పరిచింది.

ఓడలు వచ్చే చలికాలమంతా రెండు వారాలకోసారి అతను వచ్చేవాడు. తినేవాడు, మడిచేవాడు, కూతురి గురించి రెండు ముక్కలు చెప్పేవాడు. ఆమె కొండ మీది వాన గురించి చెప్పేది. ఇంతే. ఇంతకుమించి ఏమన్నా ఉంటే టాంటీ ఫిఫిన్‌కు తెలియకుండా ఉండదు. కానీ ఓడ కూత వేయగానే రొడెల్ లేచి, గొలుసు దాటి, రెండు దగ్గులు దగ్గేంతలో జెట్టీ చివరికి చేరిపోయేవాడు. ఒక్కసారైనా అతనికి జెట్టీ జానెడు సాగలేదు. అది ఊరంతా చూసేది. ఆల్తియా ఆ కాసేపూ పొయ్యిలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకునేది.

“ఏమే, మీ ముడతలాయన ఇవాళ ఎగిరిపోయాడా, నడిచిపోయాడా?” అనేది టాంటీ ఫిఫిన్. “నా కొబ్బరి ఉండ నోట్లో కరిగేలోపు ఓడెక్కేశాడు. అలాంటివాడికి అంత నూనె పోసి రొట్టెలు కాలుస్తావేంటే?”

“అందరికీ అంతే నూనె, టాంటీ.”

“అవునవును. మా కళ్ళకు చత్వారం కదా, మాకే ఎక్కువ కనబడుతోంది.”

ఆ ఏడు చలికాలం చివర్లో ఒక బుధవారం, రొడెల్ మామూలుగానే వచ్చి కూర్చున్నాడు. చేతిలో పెద్ద ఖాళీ సంచి ఉంది. రొట్టె తుంచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

“మిస్ ఆల్తియా, ఇక మా ఓడ ఇటు రాదు. కంపెనీ వాళ్ళు దారి మార్చారు. ఉత్తరానికట, మంచుకొండలు చూపించడానికి.”

“వచ్చే చలికాలానికి వస్తారులే.”

“రాం. దారిలోంచి మీ రేవు తీసేశారు. ఓడలో కాగితం అంటించారు.”

ఆల్తియా పెనంలో రొట్టె తిప్పింది. తిప్పాల్సిన అవసరం లేదు, అప్పటికే రెండుసార్లు తిప్పింది. టాంటీ ఫిఫిన్ బడ్డీలో గరిటె చప్పుడు ఆగిపోయింది. అంటే ఆవిడ వింటోంది.

“ఆ సంచి ఏమిటి?” అంది ఆల్తియా చివరికి.

“సీమపనస కాయలు కొందామని. మా వంటాయన చేత వేయించుకు తింటాను. అక్కడ దొరకవు కదా.”

“కొనడమెందుకు? నా చెట్టువి ఉన్నాయి.” బండి కింద పెట్టుకున్న కాయలన్నీ తీసి అతని సంచిలో వేసింది. ఆగకుండా వేస్తూనే ఉంది. రొడెల్ వద్దన్నాడు. తర్వాత వద్దనడం మానేసి సంచి తెరిచి పట్టుకున్నాడు.

తర్వాత ఆమె ఎన్నాళ్ళనుంచో నాలుక చివర ఉన్న మాట అడిగేసింది. “రొడెల్, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఇక్కడినుంచి వెళ్ళేటప్పుడు నీకేమీ అనిపించదా?”

అతను బల్ల గుడ్డ మూలలు కలుపుతూ ఆలోచించాడు. “ఎందుకనిపించదు? కానీ నేను వెళ్తేనే కదా మళ్ళీ రాగలను. ఓడవాళ్ళకు ఏ ఊరైనా దిగడానికీ ఎక్కడానికీ మధ్య ఉండేది. అలా అనుకోకపోతే బతకలేం, మిస్.”

“మరి ఇవాళ?”

“ఇవాళ సంగతి నాకు తెలీదు,” అన్నాడు. మడిచిన గుడ్డను ఆమె చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు.

ఓడ కూత వేసింది.

ఆ కూతకూ రొడెల్ లేవడానికీ మధ్యలో ఆల్తియా ఒక నిర్ణయానికొచ్చింది. అది మంచి నిర్ణయం కాదు. ఆమెకూ తెలుసు. రాబోయే బుధవారాలన్నీ వరసగా కనిపించాయి. ఒక్కో బుధవారం మామూలు మంగళవారంలాగా, మామూలు గురువారంలాగా, రేడియో పెట్టుకుని కూర్చునే సాయంత్రం దాకా సాగి, అక్కడే ఆగిపోయింది. తన పొడుగు పనామా దాకా ఉంటుందని ఊరంతా అంటుంది కదా. ఆ సంచికి ఒక కొస తను పట్టుకుంటే చాలు. అతను నడుస్తూనే ఉంటాడు, ఓడ వెళ్ళిపోతుంది. అతని పని పోతుంది, కోపం వస్తుంది. కానీ కోపంగానైనా ఇక్కడే ఉంటాడు. ఎవరిదైనా ఉద్యోగం పోగొట్టి వాళ్ళను దగ్గర పెట్టుకోవడం పాపమని తల్లి మంచం పక్కన ప్రార్థనలు చదివిన మనిషికి తెలియదా? తెలుసు. అయినా ఆ సాయంత్రాలు ఆమెను భయపెట్టాయి.

“బరువుగా ఉంది, నేనూ పడతాను,” అంది. ఎప్రన్ కూడా విప్పకుండా సంచికి ఒక పిడి పట్టుకుంది.

గొలుసు దగ్గర హయసింత్ చెయ్యి అడ్డం పెట్టాడు. “తియా. గొలుసు.”

“కనబడుతోంది, హయసింత్.”

“అక్కడే ఆగాలమ్మా. నీకు నేను చెప్పాలా?”

“ఇన్నేళ్ళూ ఆగాను కదా,” అంది ఆల్తియా. గొలుసును కాలు ఎత్తి దాటింది.

గట్టు మీద నవ్వులు ఆగిపోయాయి. టాంటీ ఫిఫిన్ గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. “అయ్యో, ఓడ పోగొడుతుందిరా వాడికి! ఎవరైనా ఆపండర్రా!” అంది. కానీ జెట్టీ మీద ఉన్నవాళ్ళను వెళ్ళి లాగే ధైర్యం ఎవరికీ లేదు. రొడెల్‌కు నియమం తెలుసో లేదో. సంచికి రెండో పిడి పట్టుకుని ఆమెతో అడుగు కలిపాడు.

ఆల్తియా కళ్ళు దించుకుని నడిచింది. కాయల బరువుకు పిడి వేళ్ళను కోస్తోంది. కుడివైపు నీళ్ళలో చిన్న చేపలు మెరిశాయి. ఇక ఇలాగే నడవాలి, చాలాసేపు నడవాలి, అతను విసుక్కునేదాకా, సూర్యుడు దిగేదాకా, అనుకుంది. అలా అనుకోవడం పూర్తికాకముందే కాలికి ఇనుప మెట్టు తగిలింది. తల ఎత్తి చూస్తే ఎదురుగా ఓడ గోడ, దాని తలుపు, ఆ తలుపు దగ్గర చీటీలు చూసే కుర్రవాడు.

రెండు దగ్గులంత దూరం కూడా లేదు.

“మీరు ఇంతవరకు ఎప్పుడూ రాలేదు, మిస్ ఆల్తియా,” అన్నాడు రొడెల్. అతని కళ్ళలో తడి ఉంది. సంచి తీసుకున్నాడు. ఆమె చేయి పట్టుకుని, పిడి కోసిన గీత మీద బొటనవేలితో నిమిరాడు, గుడ్డ ముడత సరిచేస్తున్నట్టు. తర్వాత మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకుంది.

ఓడ కదిలింది. జెట్టీ చివర నీళ్ళు తెల్లగా సుడులు తిరిగాయి. ఆల్తియా అక్కడే నిలబడింది. తన మనసులో ఎక్కడో తప్పు వెతుకుతోంది. అతనంటే తనకు ఇష్టం లేదా? ఉంది. గుండె పట్టేసినంతగా ఉంది. మరి ఎందుకు సాగలేదు? అప్పుడు తెలిసింది. జెట్టీకి రొడెల్‌తో పనిలేదు. ఎవరికి ఎవరి మీద ఎంత ప్రేమ అని అది ఏనాడూ కొలవలేదు. ఈ ఊరు వదలడం ఎంత కష్టమో అదొక్కటే కొలుస్తుంది. తనకు కష్టం లేదు. ఇన్నేళ్ళుగా ఊరికి మేకు కొట్టినట్టు ఉన్న మనిషికి, వదలడానికి రెండు దగ్గులంత కష్టం కూడా లేదు. ఈ సంగతి గట్టు మీదివాళ్ళు కూడా ఇప్పుడే చూశారని గుర్తొచ్చి సిగ్గుతో ముఖం వేడెక్కింది.

సరే, ఇంటికి పోవాలి. పెనం పొయ్యి మీదే ఉంది. ఆమె వెనక్కి తిరిగి నడిచింది.

కొంచెం నడిచాక తల ఎత్తింది. బాదం చెట్టు ఎంత దూరంలో ఉందో అంత దూరంలోనే ఉంది. ఇంకాస్త వేగంగా నడిచింది. చెప్పులు చేతిలో పట్టుకుని కూడా నడిచింది. గట్టు మీద మనుషులు గోరంతగా కనబడుతున్నారు, అలాగే ఉన్నారు. కొండ మీద తన ఇంటి రేకు ఎండకు మెరుస్తోంది. దాన్ని చూస్తే కాళ్ళు బరువెక్కాయి. ఆమె ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ నడిచింది. అలసిపోయింది గానీ గొలుసు దగ్గరకాలేదు.

గట్టు మీద టాంటీ ఫిఫిన్ చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకుని చూస్తోంది. “వస్తోంది కదా, ఇంకా రాదేంట్రా అది?”

హయసింత్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. “ఓడ దిగి వచ్చేవాళ్ళకైతే సాగదు. ఇది వెళ్ళిన మనిషి, రావడానికి దానికి మనసొప్పడం లేదు టాంటీ.”

“ఎప్పటినుంచట?”

టాంటీ ఫిఫిన్ గరిటె కిందికి దించింది. ఆ తర్వాత గట్టు మీద ఎవరూ జోకు వేయలేదు. వేద్దామన్నా ఎవరికీ తోచలేదు.

ఎండ పసుపు రంగుకు దిగేవేళ మార్టినిక్ వెళ్ళే పడవ వచ్చి జెట్టీ చివర ఆగింది. రోజూ వచ్చేదే. చేమదుంపల బస్తాలు, కోళ్ళ గంపలు, చుట్టాలను చూడటానికి వెళ్ళేవాళ్ళు. ఆల్తియా దాని గంట విని వెనక్కి తిరిగింది. అంతసేపు నడిచి వచ్చింది కదా, పడవ చాలా వెనకపడి ఉంటుందనుకుంది. అది ఆమె మడమల దగ్గరే ఉంది. చెయ్యి చాపితే అంచు అందుతుంది.

తాడు పట్టుకున్న అమ్మాయి ఆమెను ఎప్రన్‌తో చూసి నవ్వింది. “ఎక్కుతారా? సామానేమైనా ఉందా?”

“లేదు.”

“ఒకవైపేనా, రానూపోనూనా?”

ఆల్తియా ఊరివైపు చూసింది. టాంటీ ఫిఫిన్ తన బడ్డీ ముందుకు వెళ్ళి, వంగి, పొయ్యిలో నీళ్ళు చల్లుతోంది. అక్కడినుంచి ఆవిరి లేచింది. అంత దూరంనుంచి కూడా ఆవిడ తల ఎత్తి చూడకుండా పని చేసుకుపోతున్నట్టు తెలుస్తోంది. వెళ్ళేవాళ్ళను మేము ఆపం.

“ఒకవైపే,” అంది ఆల్తియా. వినబడలేదేమోనని మళ్ళీ గట్టిగా అంది. “ఒకవైపే.”

బస్తాల మధ్య చోటు చూసుకుని కూర్చుంది. పడవ కదలగానే ఆమెకు ఏడుపొచ్చింది. రొడెల్ కోసం కొంత, తల్లి కోసం కొంత, ఆ విప్పిన పెట్టె కోసం చాలా. పై రేవుల్లో ఎక్కి వస్తున్న ఆ మనుషుల్లో ఆమె పేరు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎదురుగా కోళ్ళ గంప ఒళ్ళో పెట్టుకున్న ఆవిడ ఒక నారింజపండు వలిచి సగం ఆమె చేతిలో పెట్టింది.

“ఏ ఊరమ్మా మీది?” అంది.

ఆల్తియా చెప్పడానికి నోరు తెరిచింది. పండు తొన నోట్లో పెట్టుకుంది. తియ్యగా ఉంది.